ఎడారి నేలలో ముళ్ల చెట్లు పెంచబోతున్న మేనల్లునికి

చిరంజీవి మేనల్లునికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ పట్టణం అవతల ఇసుక దిబ్బలకూ కంకర నేలకూ నడుమనున్న స్థలంలో గాఫ్, సమ్ర్, సిద్ర్ మొక్కలు నాటి పెంచే పనిని మీ కంపెనీ నీకు అప్పగించిందని, ఈ మూడూ ముళ్ల జాతులే కనుక వాటి సంగతులు వివరంగా వ్రాయమని అడిగావు. గాఫ్ అంటే మన చెలకల గట్ల మీద ఉండే జమ్మి. తెలంగాణ తన రాష్ట్ర వృక్షంగా ఎంచుకున్నదీ, ఎమిరేట్స్ దేశం 2008లో జాతీయ వృక్షంగా ప్రకటించుకున్నదీ ఆ ఒక్క చెట్టునే. సిద్ర్ మన రేగుకు దగ్గరి చుట్టం, సమ్ర్ తుమ్మల కుటుంబంలోనిది. అందువల్ల చెట్ల విషయంలో నీకు భయం అక్కరలేదు. ఆ నేలనూ, అక్కడి నీటినీ అర్థం చేసుకోవడమే అసలు పని.

నీ ఉత్తరంలో అడిగిన మొదటి ప్రశ్న మొక్కకు రోజుకు ఎన్ని లీటర్ల నీరు పోయాలన్నది. ఆ ప్రశ్నను అలా అడగడం మానుకో. నాటిన మూడో ఏటికో నాలుగో ఏటికో ఈ మొక్క మన నీటి అవసరం లేకుండా ఎలా బతుకుతుందన్నది ప్రశ్న. మిగిలిన ప్రతి నిర్ణయాన్నీ, సంచి పొడవు దగ్గరి నుంచి కొమ్మ నరికే దాకా, ఆ ఒక్క ప్రశ్నతో తూచి చూసుకోవాలి. మన జగిత్యాలలో ఏడాదికి 1000 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడుతుంది. అక్కడ సగటున 100 మిల్లీమీటర్లు కూడా పడదు, ఆ పడేది కూడా ఎక్కువగా డిసెంబరు నుంచి మార్చి లోపల ఒకటి రెండు జల్లులుగా పడిపోతుంది. అంత తక్కువ తడితో గాఫ్ వందల ఏళ్లు బతకడానికి కారణం దాని తల్లివేరు, అది 30 మీటర్ల లోతు దాకా దిగి అడుగునున్న తేమను అందుకోగలదు. రోజూ పొద్దున పది నిమిషాలు డ్రిప్ తిప్పే పద్ధతిలో పెరిగిన మొక్కకు ఆ వేరు దిగే అవసరమే రాదు. వేళ్లన్నీ పైనున్న జానెడు తడిలోనే అల్లుకుని, పైన మాత్రం పచ్చగా ఏపుగా కనిపించి, జులైలో మోటారు నాలుగు రోజులు ఆగితే నిలువునా ఎండిపోతుంది. ఆ దేశపు మొదటి అధ్యక్షుడు షేక్ జాయెద్ కాలంలో, 1970ల నుంచి, అబూధాబీలో పెద్ద ఎత్తున నాటిన అడవుల్లో ఇప్పటికీ పైపుల నీటి మీదే నిలబడిన తోపులు ఎన్నో ఉన్నాయి. ఆ నీరు చాలా చోట్ల భూమి లోపలి నుంచి తోడిందే, అది ఏటేటా అడుగంటుతూ ఉప్పెక్కుతున్నది. నీ తోపు ఆ జాబితాలో చేరకూడదన్నదే నా పట్టుదల.

మొదట ఏ చెట్టు ఎక్కడన్నది తేల్చుకో. ఇసుక పర్రలోనూ, దిబ్బకూ దిబ్బకూ మధ్యనున్న పల్లాల్లోనూ గాఫ్ వేయి, ఎందుకంటే పల్లంలో తేమ లోతున నిలుస్తుంది, పైన ఇసుక కొంత కప్పినా గాఫ్ దాన్ని చీల్చుకుని పైకి వస్తుంది. దిబ్బ శిఖరం మీద మాత్రం ఏదీ నాటకు, గాలి ఇసుకను ఊడ్చుకుపోయి వేళ్లను బయట పడేస్తుంది. జబల్ హఫీత్ కొండ వైపు కనిపించే కంకర మైదానాలూ వాగు పాయలూ సమ్ర్‌కు సొంత ఇల్లు. గొడుగులా పరుచుకునే ఆ చెట్టుకు రాతి నేల బాగా నచ్చుతుంది. సిద్ర్‌కు మిగతా రెండింటికన్నా నీరు కొంచెం ఎక్కువ కావాలి కనుక దాన్ని ఇళ్లకు, గేటుకు, నీరు పారే వాగు అంచులకు దగ్గరగా ఉంచు. దాని పండ్లు పిల్లలూ పక్షులూ తింటారు, శరదృతువులో పూస్తే తేనెటీగలు వదలవు. కాలిబాటల పక్కన, కార్లు నిలిపే చోట సమ్ర్ వద్దని మీ ఇంజినీరుకు ఇప్పుడే చెప్పు. రాలిన రెమ్మ మీది తెల్లని పొడుగు ముల్లు చెప్పు అడుగును తేలిగ్గా చీల్చుతుంది. తెల్లని ఉప్పు పొరతో మెరిసే సబ్ఖా నేల నీ స్థలంలో ఏ మూలనైనా ఉంటే దాన్ని వదిలెయ్యి, అక్కడ ఈ మూడింటిలో ఏదీ బాగుపడదు.

నర్సరీ నుంచి మొక్కలు కొనే ముందు ఒక జాగ్రత్త. మన ఊళ్లో సర్కారు తుమ్మ అని తిట్టుకునే చెట్టును అక్కడ గువైఫ్ అంటారు, చిన్న వయసులో అది గాఫ్‌ను బాగా పోలి ఉంటుంది. 1877లో మన కడప జిల్లా కమలాపురంలో నాటిన నాటి నుంచి ఆ చెట్టు ఈ దేశంలో ఏం చేసిందో నీకు నేను చెప్పనక్కరలేదు. అక్కడ కూడా నీరు తగిలిన ప్రతి పల్లంలో అదే పని చేస్తున్నది. గుర్తు పట్టడానికి రెమ్మను కంటికి దగ్గరగా పట్టుకుని ముల్లు ఎక్కడ మొలిచిందో చూడు. గువైఫ్ ముళ్లు ఆకు మొలిచే కణుపు దగ్గర జంటగా, పొడవుగా ఉంటాయి. గాఫ్ ముళ్లు పొట్టిగా, అడుగున వెడల్పుగా ఉండి, కణుపుకూ కణుపుకూ మధ్య రెమ్మ పొడవునా అక్కడక్కడా మొలుస్తాయి. కాయ దొరికితే అనుమానమే ఉండదు: గాఫ్ కాయ సన్నగా గుండ్రంగా వేలాడుతుంది, గువైఫ్ కాయ బల్లపరుపుగా లావుగా పసుపు రంగులో ఉంటుంది. లారీ దిగిన మొక్కలన్నింటినీ నీవే స్వయంగా తిరిగి చూడు, ఆ పనిని ఎవరికీ అప్పగించకు. ఇప్పటికే స్థలంలో ఉన్న గువైఫ్‌ను పైన నరికితే అడుగు నుంచి పది కొమ్మలు లేస్తాయి, కాబట్టి మట్టి తవ్వి, మొదలు అడుగున ఉన్న వేరు బొడిపెతో సహా పెరికించాలి.

అన్నింటికన్నా మంచిది మొక్కలను నీవే పెంచుకోవడం. మార్చిలో విత్తితే అక్టోబరు చివరికి నాటే వయసుకు వస్తాయి. గాఫ్ కాయలను పురుగు చాలా పాడు చేస్తుంది కనుక గింజలను ముందు బకెట్ నీటిలో వేసి, తేలినవన్నీ పారబోయాలి. మునిగిన గింజల పైపెంకు గట్టిది. నీటిని మరగబెట్టి పొయ్యి మీది నుంచి దించిన తరువాత గింజలను అందులో వేసి, ఒక రోజంతా అలాగే చల్లారనిస్తే మంచి గింజలు రెండింతలు ఉబ్బుతాయి. ఉబ్బనివాటిని పక్కన పెట్టి మరొకసారి అదే పని చెయ్యి. సమ్ర్ గింజలు తక్కువే అయితే నెయిల్ కట్టర్ తీసుకుని, గింజకు కన్ను ఉన్న వైపు కాకుండా ఎదుటి కొసన పెంకును చిటికెడు మాత్రం కత్తిరించి నానవేయడం మేలు. కన్ను వైపు కత్తిరిస్తే మొలకే పోతుంది. సిద్ర్ టెంకను సుత్తితో మెల్లగా చిట్లించి లోపలి పప్పు చెదరకుండా తీసి విత్తితే త్వరగా మొలుస్తుంది.

సంచి విషయంలో పిసినారితనం పనికిరాదు. గాఫ్ మొలక పైన నాలుగు ఆకులు వేసే సరికే కింద వేరు మూరెడు దిగుతుంది. పొట్టి సంచిలో అది అడుగున చుట్టలు చుట్టుకుంటుంది, ఆ చుట్ట నేలలో పెట్టిన తరువాత కూడా విప్పుకోదు, అయిదారేళ్ల చెట్టు గాలికి ఒరిగిపోవడానికి తరచూ అదే కారణం. అడుగు నుంచి అడుగున్నర పొడవున్న సన్నని సంచులు తెప్పించు. వాటిని నేల మీద పెట్టక ఇనుప జాలీ మీద నిలబెడితే అడుగు రంధ్రం దగ్గరకు వచ్చిన వేరుకొన గాలి తగిలి అక్కడే ఆగి, పక్క వేళ్లు వస్తాయి. మట్టిలో ఇసుకే ఎక్కువ ఉండాలి, పాత గాఫ్ చెట్టు నీడలోని మట్టి ఒక గుప్పెడు కలిపితే గాలిలోని నత్రజనిని పట్టే సూక్ష్మజీవులు దానితో పాటు వస్తాయి. పశువుల ఎరువు కలపాలని ఎవరైనా పట్టుబడితే బాగా మగ్గిన పాత ఎరువు మాత్రమే వాడు, ఎందుకంటే ఒంటెలూ మేకలూ గువైఫ్ కాయలు తిని గింజలను పేడలో చెక్కుచెదరకుండా వదులుతాయి, పచ్చి ఎరువుతో పాటు నీ చేతులతో నీవే ఆ గింజలను నాటుకున్నవాడివవుతావు. ఒక సంచిలో రెండు మొలకలు వస్తే బలహీనమైనదాన్ని కత్తెరతో కత్తిరించు, పెరికితే రెండో దాని వేరు కూడా కదులుతుంది. సెప్టెంబరులో షేడ్ నెట్ తీసేసి, నీటిని మెల్లమెల్లగా తగ్గిస్తూ మొక్కలను ఎండకు అలవాటు చెయ్యి. ఆకు కొంచెం పండుబారితే కంగారు పడకు.

నాటడానికి అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి లోపలి కాలమే సరైనది. ఎండాకాలంలో ఏదో ప్రారంభోత్సవం ఉన్నదని నాటమని ఒత్తిడి వస్తే, కుండీ మొక్కలు తెచ్చి పెట్టించి పని గడుపుకో కానీ ఈ మొక్కలను మాత్రం నేలలోకి దించకు. గుంత వెడల్పు కన్నా లోతు ముఖ్యం. కంకర నేలలో అడుగున సుద్దలాంటి గట్టి పొర తగిలే వీలుంది. ఆ పొర తగిలితే గడ్డపారతోనో మిషనుతోనో దాన్ని పగలగొట్టి రంధ్రం చేసి, అవతలి మట్టి కనిపించిన తరువాతే మొక్క పెట్టు. పగలగొట్టకపోతే గుంత నీళ్ల తొట్టిలా మిగిలి, వేరు ఆ పొరను తాకి పక్కకు తిరుగుతుంది. నాటే ముందు రోజు గుంతను నీటితో రెండుసార్లు నింపి ఇంకనివ్వాలి. సంచి గుడ్డను పూర్తిగా తీసెయ్యాలి. తీయకుండా పాతిపెట్టే కూలీలు ఉంటారు, సాయంత్రం ఖాళీ సంచులను మొక్కల లెక్కతో సరిచూసుకుంటే ఆ అలవాటు దానంతట అదే మానిపోతుంది.

ఇక నీరు. మొదటి నెల రెండు మూడు రోజులకొకసారి, ఆ తరువాత వారానికొకసారి, చలికాలంలో పది పదిహేను రోజులకొకసారి పెట్టు. పెట్టినప్పుడు మాత్రం ఇరవై ముప్పై లీటర్లు నిదానంగా దిగేలా పెట్టు. ఎంత పెట్టావన్నది మీటరు చెబుతుంది కానీ ఎంత లోతుకు దిగిందో నీ కన్నే చెప్పాలి. నీరు పెట్టిన మరునాడు ఒక మొక్కకు మూరెడు దూరంలో పారతో నిటారుగా తవ్వి గోడను చూడు: తడిసిన ఇసుక ముదురు రంగులో, ఎండిన ఇసుక పాలిపోయి కనిపిస్తాయి, రెండింటి మధ్య గీత కత్తితో గీసినట్టు ఉంటుంది. ఆ గీత రెండడుగుల లోతు దాకా దిగకపోతే నీరు ఒక్కసారిగా పెట్టే పరిమాణాన్ని పెంచాలి, రోజులను మాత్రం దగ్గర చేయకూడదు. కాండానికి ఆనించి పెట్టిన డ్రిప్పర్‌ను మొదటి ఏడాది చివరికి ఒక అడుగు, రెండో ఏటికి మూడడుగులు దూరం జరిపించు. వేరు తేమను వెతుక్కుంటూ వెళ్లాలంటే తేమ కొంచెం దూరంగానే ఉండాలి. ఎండాకాలంలో పగలు నీరు వదిలితే నల్లని పైపులో కాగిన నీరు వేళ్ల మీద పడుతుంది కనుక తెల్లవారు జామునే వదలాలి. మూడో ఏడాది చలికాలంలో తోపులో ఒక మూల కొన్ని చెట్లకు నీరు పూర్తిగా ఆపి, మార్చి, ఏప్రిల్ నెలల్లో చిగురు ఎలా వస్తుందో గమనించు. చిగురు మామూలుగా వస్తే మరుసటి ఏడాది మిగతావాటికీ ధైర్యంగా తగ్గించవచ్చు. సిద్ర్‌కు మాత్రం ఈ పరీక్ష పెట్టవద్దు, వేసవిలో దానికి నెలకు ఒకటి రెండు తడులు ఇస్తూనే ఉండాల్సి రావచ్చు.

బోరు నీరు ఉప్పగా ఉంటే కొద్ది కొద్దిగా పెట్టడం మరింత ప్రమాదం, నీరు ఆవిరై పోయి ఉప్పు వేళ్ల దగ్గరే పేరుకుంటుంది. డ్రిప్పర్ చుట్టూ తెల్లని వలయం కనిపించిందంటే ఆ సంగతి జరుగుతున్నదని అర్థం. చలికాలంలో ఒకసారి దండిగా నీరు వదిలి ఆ ఉప్పును వేళ్ల కిందికి కడిగెయ్యి. ఆకుల మీద ఎప్పుడూ చల్లనివ్వకు. శుద్ధి చేసిన మురుగు నీటిలో ఎరువు పదార్థం ఉంటుంది కాబట్టి అది పెట్టే చోట వేరే ఎరువులు వేయనక్కరలేదు, వేస్తే కొమ్మలు మెత్తగా పొడుగ్గా సాగి గాలికి విరుగుతాయి.

ముల్లు ఉన్నది కదా, జంతువులు ముట్టవని అనుకుంటే పొరపాటు. ఒంటె పెదవికి గాఫ్ ముల్లు లెక్కే కాదు. పాత గాఫ్ చెట్ల అడుగు భాగం ఒంటె మెడ అందినంత ఎత్తున కత్తిరించినట్టు సమంగా ఉండడం నీవు చూసే ఉంటావు. చెట్టు ఆ ఎత్తు దాటేదాకా, అంటే కనీసం నాలుగైదేళ్లు, కంచె తప్పదు. ఒక్కొక్క మొక్కకు జాలీ కట్టడం కన్నా మొత్తం స్థలానికి కంచె వేయడం చివరికి చౌకగా వస్తుంది, కానీ కంచె గేటు మూసే బాధ్యత ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించాలి. షమాల్ గాలి వాయవ్యం నుంచి వీస్తుంది. ఆ వైపున ఖర్జూరపు మట్టలను ఇసుకలో నిలబెట్టి గళ్లు గళ్లుగా అడ్డు కట్టిస్తే ఇసుక కదలడం తగ్గుతుంది, మట్టలు అక్కడ ఊరకే దొరుకుతాయి.

కొమ్మలు నరకడం గురించి నీకు పై అధికారులతో వాదన తప్పదు. వారు ఒకే కాండంతో, నున్నగా, బొమ్మల్లో ఉన్నట్టు నిలబడే చెట్టును కోరతారు. గాఫ్ స్వభావం చిన్నప్పుడు పొదలా ఉండడం. ఆ కింది కొమ్మలే మొదలుకు నీడనిస్తాయి, గాలికి వచ్చే ఆకునూ ఇసుకనూ ఆపుతాయి, మేకలను దూరంగా ఉంచుతాయి. మొదటి మూడేళ్లు కత్తెర పెట్టనివ్వకు. కర్రకు బిగించి కట్టిన మొక్క కాండం బలపడదు, కాబట్టి కట్టాల్సి వచ్చినా వదులుగా కట్టి ఏడాదిలో తీసెయ్యాలి. రాజస్థాన్ రైతులు ఇదే చెట్టు కొమ్మలను ఏటా చలికాలంలో నరికి ఆకును మేకలకూ ఒంటెలకూ మేపుకుంటారు. దాని కింద సజ్జ పంట మిగతా పొలం కన్నా బాగా పండుతుందని పొలంలోని చెట్టును కొట్టరు. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీలో ఈ చెట్లను నరకనివ్వకుండా కౌగిలించుకుని, చెట్లనూ జంతువులనూ కాపాడడం ధర్మంగా భావించే బిష్ణోయీలు 363 మంది ప్రాణాలిచ్చారు. అయితే అక్కడ నరికేది వేరు స్థిరపడిన పెద్ద చెట్టును, అది కూడా కొన్ని కొమ్మలు మిగిల్చి. నీ రెండేళ్ల మొక్కకు ఆ ఉదాహరణ చూపిస్తే ఒప్పుకోకు.

మనుషుల గురించి కూడా రెండు మాటలు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్నది అక్కడి నియమం, నీవు దాన్ని కాగితం మీది మాటగా చూడకు. సమ్ర్ దగ్గర పని చేసేవారికి బట్ట గ్లౌజులు సరిపోవు, తోలువి కావాలి, కొమ్మ లాగేటప్పుడు కళ్లద్దాలు ఉండాలి. ముల్లు వేలి కీలు దగ్గర విరిగి లోపల మిగిలితే పైకి గాయం మానినట్టే కనిపించి పది రోజుల తరువాత కీలు వాచిపోతుంది. సూదితో గెలుక్కుని ఊరుకునేవారిని బలవంతంగానైనా డాక్టరు దగ్గరికి పంపి, ధనుర్వాతపు ఇంజెక్షన్ ఇప్పించు. మీ క్యాంపులో మన నిజామాబాదు, కరీంనగర్ పిల్లలు ఉన్నారని వ్రాశావు. దసరా సరిగ్గా నాటే కాలానికి ముందో మొదట్లోనో వస్తుంది, బంగారం పంచుకోవడానికి జమ్మి ఆకు కోసం వారు నర్సరీ వైపే చూస్తారు. ఏ పెద్ద చెట్టు కింద రాలిన రెమ్మో తెచ్చి క్యాంపులో అందరి పేరునా పూజ చేయించు, సంచి మొక్కల మీద మాత్రం ఎవరి చెయ్యీ పడనీయకు.

ఇక్కడి జమ్మి గింజలు పంపమని అడిగావు. పంపను. అక్కడి ఉప్పుకూ వేడికీ తరతరాలుగా అలవాటు పడిన చెట్టు గింజ ఉండగా మన చెలక గింజతో పని లేదు, పైగా అనుమతి పత్రాలు లేకుండా గింజలు దేశం దాటించడం చట్టరీత్యా తప్పు. ఎండాకాలం నడుమ అక్కడి పాత గాఫ్‌ల కాయలు పండుతాయి. ఒక్క చెట్టు నుంచి కాకుండా దూర దూరంగా ఉన్న పది పదిహేను చెట్ల నుంచి, ఆ స్థలం వారి అనుమతి తీసుకుని, నేల మీద పడి పురుగు పట్టకముందే ఏరించు. నీడలో ఆరబెట్టి, గింజ తీసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, ఏ చెట్టువి, ఏ తేదీన ఏరినవి అన్నది చీటీ మీద వ్రాసి లోపల వెయ్యి. గింజ కొన్నేళ్లు చెడదు. ఈ ఏడాది కాయల కాలం దాటిపోయి ఉంటే మొదటి విడతకు నర్సరీ మొక్కలే కొనుక్కో, కానీ డబ్బు కట్టే ముందు పది మొక్కల సంచులు చింపించి వేరు చుట్టుకుని ఉన్నదో లేదో చూడు. చింపిన పదింటి ధర నీ జేబు నుంచి పోయినా సరే.

ఇట్లు,
మీ మామయ్య